బొరుగుల బట్టీ మీద నా అర్జీ

లోకంలో మనుషులు మనుషుల మీద ఫిర్యాదు చేస్తారు. నేను ఒక గోడ మీద చేశాను. దాని పుణ్యమా అని పన్నెండు రోజులు ఒక కుటుంబం పని లేకుండా కూర్చుంది, నా ఒంటి గుట్టు వీధిలో పడింది. ఇప్పటికీ తలుచుకుంటే నవ్వు వస్తుంది. నవ్వు అయిపోగానే కోపం వస్తుంది. ఆ కోపం ఎవరి మీదో చివరికి మీకే తెలుస్తుంది.

అప్పుడు మన రాజధాని కర్నూలు. నాకు నలభై ఆరేళ్లు. ప్రొద్దుటూరులో మా ఆయనకు బట్టల అంగడి. కూతుళ్లిద్దరూ కాపురాలకు వెళ్లిపోయాక ఇంట్లో నేను, ఆయన, మా అత్త మిగిలాం. మా వంటింటి గోడకు అవతల కాశింబీ అక్క వాళ్ల బట్టీ. ఇసుక కాచి, అందులో బియ్యం పోసి బొరుగులు వేయించడం వాళ్ల బతుకుదెరువు. ఇరవై ఏళ్లుగా బట్టీ అక్కడే ఉంది, గోడ మధ్యలోనే ఉంది, నేను ఇవతలే ఉన్నాను. ముగ్గురికీ ఏ తగువూ లేదు.

ఆ ఏడు చలికాలంలో మొదలైంది. ఉన్నట్టుండి రొమ్ముల నడుమ నిప్పు రాజుకున్నట్టయ్యేది. అది మెడ మీదుగా చెవుల దాకా పాకేది. రవిక తడిసి ముద్దయ్యేది. కాసేపటికి అంతా చల్లారి వణుకు పుట్టేది. దానికి తోడు కోపం. మామూలు కోపం కాదు. చింతపండు పిసుకుతుంటే గింజ తగిలితే, ఆ చెట్టు నాటినవాడి ఏడు తరాలనూ తిట్టేంత కోపం.

"ఈ ఇల్లు కాలిపోతాంది" అన్నాను ఒక పొద్దున మా ఆయనతో.

ఆయన దుప్పటి కప్పుకుని కాఫీ తాగుతున్నాడు. "చలిగా ఉండాది కదే" అన్నాడు.

"మీకేం, చలిగానే ఉంటాది. బట్టీ పక్కన ఉడికేది నేను కదా."

చూశారా, కారణం నా నోటి నుంచే ఊడిపడింది. ఆడలేనమ్మ మద్దెల ఓడు అంటుంది. ఒళ్లు కాలినమ్మ గోడ వేడి అంది. నేరుగా కాశింబీ అక్క వాకిట్లోకి వెళ్లాను.

"అక్కా, మంట తగ్గించుకోండి. మా గోడ కాలిపోతాంది."

"ఇరవై ఏండ్లు కాలని గోడ ఇప్పుడెట్ల కాలె రత్నమ్మా?"

"నేను అబద్ధం చెప్తాండానా?"

"అట్ల అనలే తల్లీ. ఒకసారి గోడ పట్టుకొని చూడు."

మీరైతే ఏం చేసేవారు? గోడ మీద చెయ్యి పెట్టి చూసేవారు. నేను ఇంటికొచ్చి కాగితం, కలం తీసుకున్నాను. ఐదో తరగతి దాకా చదివిన చదువునంతా ఖర్చు పెట్టి మునిసిపల్ ఆఫీసుకు అర్జీ రాశాను. 'సదరు బట్టీ వేడిమికి అర్జీదారు ప్రాణం పోవునట్లున్నది' అని కూడా రాశాను. శానిటరీ ఇన్‌స్పెక్టరు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మర్యాదస్తుడు. ప్రాణం అన్న మాట చూసి భయపడ్డాడు. తాను వచ్చి చూసేదాకా బట్టీ వెలిగించవద్దని చెప్పి పంపాడు.

బట్టీ ఆగింది. నా మంట ఆగలేదు. పైగా రెట్టింపయింది.

"ఆపమన్నా దొంగతనంగా వెలిగిస్తాండారు" అని మళ్లీ ఆఫీసుకు వెళ్లాను. ఆ వారంలో నాలుగుసార్లు వెళ్లాను. బంట్రోతు నన్ను చూడగానే తలుపు చాటుకు తప్పుకునేవాడు. మా ఆయన ఒక్కసారి మాత్రం, "ఒసే, వాళ్ల మూకుడు బోర్లించి పెట్టినారు, నేను చూసినా" అన్నాడు. ఆయనకు ఆ పూట అన్నం బదులు నా మాటలే వడ్డించాను.

పన్నెండో రోజు బంట్రోతుతో కలిసి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. వీధి మొత్తం వెంట వచ్చింది. ఆయన మా వంటింటి గోడకు అరచెయ్యి ఆనించాడు. తర్వాత రెండో చెయ్యి కూడా ఆనించాడు.

"అమ్మా, గోడ చల్లగా ఉందండి."

"మీకు తెల్లేదు. ఆ పక్కకు పోయి చూడండి."

అందరం అవతలికి వెళ్లాం. బట్టీ నోట్లో బూడిద మీద పిల్లి ఈని ఉంది. నాలుగు కూనలు పాలు తాగుతున్నాయి. ఇన్‌స్పెక్టరు పిల్లి వైపు చూశాడు, నా వైపు చూశాడు. సరిగ్గా అప్పుడే నా రొమ్ముల నడుమ నిప్పు రాజుకుంది.

"ఇదో, ఇప్పుడే వస్తాంది, నా మొహం చూడండి" అన్నాను చెమటలు కక్కుతూ.

మొహం చూసింది ఇన్‌స్పెక్టరు కాదు, కాశింబీ అక్క. పన్నెండు రోజుల పని పోగొట్టిన మనిషిని తిట్టాల్సింది పోయి, దగ్గరికొచ్చి చెవిలో అడిగింది, "రత్నమ్మా, నీకు నెల నెలా అవుతాండాదా?"

ఆమె గుసగుసగానే అడిగింది. నాకున్న కోపంలో నా గొంతు నా మాట వినలేదు. "ఐదు నెలలాయ కాక. దానికీ గోడకూ ఏంది సంబంధం?" అని వీధి చివరి దాకా వినబడేలా అరిచాను.

ఇన్‌స్పెక్టరుకు దగ్గు వచ్చింది. మా ఆయనకు అంగడి గుర్తొచ్చింది. బంట్రోతు పిల్లి కూనల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నిమిషంలో అక్కడ మగపురుగు లేదు.

కాశింబీ అక్క నన్ను లోపలికి తీసుకెళ్లి మంచినీళ్లు ఇచ్చింది. "ముట్లు నిలిచే ముందు ఇట్లనే ఉంటాది. నేను రెండేండ్లు బట్టీనే తిట్టుకుంటి. మంట ముందర కూచునేదాన్ని, ఏ వేడి ఏదో నాకెట్ల తెలుస్తాది? పులివెందులలో మా చెల్లెలింటికి పోతే ఆడ కూడా ఒళ్లు కాలె. ఆడ బట్టీ లేదు కదా. అప్పుడు తెలిసె" అంది.

మా వెనకే వచ్చిన అత్త గడప మీద కూర్చుంది. "నేనైతే సచ్చిపోతానేమో అనుకొంటి. జమ్మలమడుగు నుంచి కూతుర్ని పిలిపించి ముక్కుపుడక ఇచ్చేస్తి. సావలే. మళ్లీ అడిగి తీసుకొనేకి శానా సిగ్గాయ" అంది.

ముగ్గురం పడీపడీ నవ్వాం. ఆ నవ్వు మధ్యలోనే నాకు అసలు కోపం వచ్చింది.

"అయితే నీకు తెలుసా అత్తా?"

"తెలుసు."

"రెండు నెలల నుంచి నేను ఉడికిపోతాంటే చూస్తాండావు. ఒక్క మాట చెప్పలేదేం?"

"నాకెవురు చెప్పినారు?" అంది మా అత్త.

నేను పెద్దమనిషినైనప్పుడు పందిరి వేశారు, మేళం పెట్టారు, ఊరందరికీ నువ్వుల చిమ్మిలి పంచారు. కాన్పు కాన్పుకూ ఏ పక్కకు తిరిగి పడుకోవాలో కూడా చెప్పారు. అదే ఒంట్లో నుంచి అది వెళ్లిపోతుంటే, చెప్పడానికి ఒక్క నోరు లేచి రాలేదు. వచ్చేటప్పుడు ఊరి సంగతి, పోయేటప్పుడు రహస్యం. ఆ రహస్యం కోసం కాశింబీ అక్క రెండేళ్లు తన బట్టీని తిట్టుకుంది. మా అత్త చావుకు సిద్ధపడింది. నేను ఇరవై ఏళ్ల స్నేహం మీద అర్జీ పెట్టాను. కోపం రాదా మరి?

మర్నాడు అర్జీ వెనక్కి తీసుకోవడానికి ఆఫీసుకు వెళ్లాను. ఇన్‌స్పెక్టరు బల్ల మీది కాగితాల్లోకే చూస్తూ, "కారణం రాయాలండి" అన్నాడు. "పోనీ, అపోహ అని రాసేయండి."

"అపోహ యాడిది? మంట నిజమే కదప్పా" అని కలం లాక్కున్నాను. 'విచారణలో గోడ నిర్దోషి అని తేలినది. వేడిమి అర్జీదారుది. ఇది నలభై దాటిన ఆడవారికి వచ్చును. మీ ఇంట్లో వారికి కూడా చెప్పవలెను' అని రాసి, కింద నిండుగా సంతకం పెట్టాను. ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు. తర్వాత చిన్నగా, "మా ఆవిడ మూడు నెలలుగా వంటమనిషిని తిడుతోందండి" అన్నాడు.

అందువల్ల సూర్యచంద్రుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఒళ్లు మండితే ముందు నా నుదుటి మీద చెయ్యి పెట్టుకుని చూస్తానే తప్ప, ఈ జన్మలో మళ్లీ ఏ గోడ మీదా అర్జీ పెట్టను. ఇప్పుడు నాకు డెబ్భై దాటాయి, ఎండాకాలంలో కూడా శాలువా కావాలి. అయినా ఒట్టు ఒట్టే.