రాజు గుర్రంలా దూకిన ఆట

ఈ సంగతి నేను చాలామందికి చెప్పాను. అందరూ చాయ్ తాగారు, కప్పు కింద పెట్టారు, వేరే సంగతి ఎత్తుకున్నారు. అందుకే రాస్తున్నాను.

దబీర్‌పురాలో మా గల్లీ గుడి పూజారి గారు మధ్యాహ్నం తలుపులు మూశాక అరుగు మీద చదరంగం పరిచేవారు. నాకూ, పక్కింటి దర్జీ కొడుకుకూ ఆట నేర్పింది ఆయనే. నాకు ఒక ఎండాకాలం, అతనికి మరో ఎండాకాలం. మాది పాత పద్ధతి. అందులో రాజు ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. అయితే ఎదుటివాడు ఒకసారి ‘షహ్’ అని రాజును బెదిరిస్తే ఆ హక్కు పోతుంది. నాకు నేర్పింది ఇదీ.

దర్జీ కొడుకును గల్లీలో ఎవరూ ఓడించలేదు. ఆ రోజు నేను ఓడిస్తున్నాను. మొదట్లోనే ఒంటెతో షహ్ ఇస్తే బంటును అడ్డం పెట్టుకున్నాడు. చివరికి అతని రాజును మొదట నిలబడ్డ చోటే చుట్టుముట్టాను. ఇంకొక్క ఎత్తులో ఆట కట్టు. అప్పుడు ఆ రాజు గుర్రంలా దూకి బయటపడ్డాడు.

“ఏంది గిది? నీకు షహ్ పడ్డది గదా!”

“పడ్డది. నా రాజు కదిలిండా? కదిల్తెనే హక్కు పోతది. అయ్యగారే చెప్పిండు.”

“నాకు గట్ల చెప్పలే!”

“మస్తు చెప్పిండు భాయ్, నీ బుర్రకే ఎక్కలే.”

ఇద్దరం అయ్యగారి వైపు తిరిగాం. ఆట మొత్తం చూసిన మనిషి. పావులను చూశారు, నన్ను చూశారు, అతన్ని చూశారు. “దీపం పెట్టే యాళ్లయింది” అని లేచి గుడి తలుపు తీశారు. ఎండ ఇంకా అరుగు మీదే ఉంది.

ఆ ఆట తేలేదాకా అతనితో మరో ఆట ఆడనన్నాను. ఆడలేదు. ఇద్దరి తలలూ నెరిశాయి. ఈ పద్ధతి తెలిసినవాడు గల్లీలో అతనొక్కడే మిగిలాడు. పిల్లలు ఫోన్లో ఆడే ఆటలో రాజు దూకడు. అతను రోజూ సాయంత్రం దుకాణం ముందు పావులు పేర్చి, నల్లవి మా గుమ్మం వైపు పెట్టి కూర్చుంటాడు.

“తప్పు నాదే అనుకో. వచ్చి కూసో” అన్నాడు మొన్న.

అనుకోవడం నాకు అక్కర్లేదు. తేలాలి.

అయ్యగారు ఇప్పుడు కిషన్‌బాగ్‌లో కూతురి దగ్గర ఉంటున్నారు. పోయిన వారం వెళ్లి, పావులన్నీ ఆనాడున్నట్టే పేర్చి అడిగాను. కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశారు.

“మంచి ఆట బిడ్డా. అన్నం తిన్నవా?”

తిన్నాను అయ్యగారూ. అక్కడ అతను పావులు పేర్చుకుని కూర్చున్నాడు. మీరు నేర్పిన రెండింటిలో ఏది సరైనదో ఇప్పటికైనా చెప్పండి.