అవతలి ఒడ్డున నా పండుగ

హుజూర్‌నగర్‌లో లారీ మమ్మల్ని దింపి వెళ్ళిపోయింది. అక్కడి నుంచి కృష్ణ ఒడ్డుకు నడక. ఎర్ర దుమ్ము, కోసేసిన జొన్న చేలు, కాళ్ళకు గుచ్చుకునే పల్లేరు కాయలు. వీపున కంబళి, నీళ్ళ సీసా, నడుముకు తూటాల పట్టీ. ఒక భుజాన రైఫిలు, ఇంకో భుజాన ఎర్ర తాడుతో నా బ్యూగిల్. పొద్దు గుంకే వేళకు రేవు చేరాం.

నలభై ఏడో సంవత్సరం, చలి ముదురుతున్న రోజులు. మేము నిజాం సైన్యం. నదికి అవతల ఇండియా యూనియన్ ఇలాకా, గుంటూరు జిల్లా ఊళ్ళు. మా ఠాణా అంటే కూలిన సత్రం, దాని ముందు ఇసుక బస్తాలు పేర్చిన మోర్చా, ఒక దుర్బిన్, తొమ్మిది మంది మనుషులు. హుకుం క్లుప్తంగా ఉంది. ఎవరినీ నది దాటనివ్వకూడదు. అటు నుంచి కాల్పులు వస్తే తప్ప కాల్చకూడదు. చీకటి పడ్డాక దీపం బయట కనపడకూడదు. తెల్లవారగానే ఒకసారి, పొద్దు గుంకాక ఒకసారి బ్యూగిల్. వేళ తప్పి ఊదితే అవతలి ఠాణావాళ్ళు దాడికి సైగ అనుకుంటారు.

ఆ రేవు కాపలా మాకు పడిందని మిగతావాళ్ళు గొణుక్కున్నారు. నేను మాత్రం లోలోపల సంబరపడ్డాను. నా భార్య శాంతమ్మ, కొడుకు దావీదు రేవుకు ఎదురుగా ఉన్న అవతలి ఊళ్ళోనే ఉన్నారు. మాది మిర్యాలగూడ దాపున పల్లె. ఊళ్ళో గొడవలు పెరిగి ఇళ్ళు తగలబడుతుంటే, శాంతమ్మ పిల్లవాడిని తీసుకుని నది దాటి అక్క ఇంటికి వెళ్ళిపోయింది. అప్పటికి వాడికి మెడ నిలిచింది, అంతే. దుర్బిన్‌లో చూస్తే ఆ ఊరి చర్చి తెల్లగా కనిపించేది. మనుషులు చీమల్లా కనిపించేవారు. వాళ్ళలో నావాళ్ళు ఎవరో తెలిసేది కాదు.

శాంతమ్మ అక్క భర్త పేరు ఏసోబు. నాకు తోడల్లుడు, వయసులో పెద్దవాడు. పెళ్ళిళ్ళ బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు. నా పెళ్ళిలో కూడా అతనే వాయించాడు. ఆ పూట పందిట్లో జనమంతా అతని వేళ్ళనే చూశారు. పెళ్ళికొడుకునని నన్ను చూసినవాళ్ళు తక్కువ. అది నాకు అప్పుడే నచ్చలేదు.

మా పల్లెలో క్రిస్మస్ అంటే తెల్లవారుజాము పాట. కోడి కూయకముందే బాపు డప్పు కాచుకునేవాడు. వెదురు బద్దల చుక్కలో దీపం పెట్టి ఇంటింటికీ పాడుకుంటూ తిరిగేవాళ్ళం. ప్రతి ఇంట్లో చేటెడు బియ్యమో జొన్నలో పోసేవారు. చివరికి చర్చి ముందు ఒకే గంగాళంలో అందరికీ వంట. ఇవన్నీ పల్లె మొత్తానివి. మా ఇంటికి మాత్రమే ఇంకో ఆనవాయితీ ఉండేది. పిల్లవాడి తొలి పండుగకు తండ్రి వాడిని భుజాన ఎక్కించుకుని పాటకు ముందు నడవాలి. తాత బాపును అట్లాగే ఎత్తుకున్నాడు. బాపు నన్ను ఎత్తుకున్నాడు. ఆ ఏడు దావీదుకు తొలి పండుగ.

పండుగ దగ్గరపడ్డాక చేపలవాడొకడు ఠాణాకు వచ్చాడు. వలలు వేసుకునే వంకన రెండు ఒడ్లూ తిరిగేవాడు. మావాళ్ళు చేపల కోసం చూసీ చూడనట్టు ఊరుకునేవారు. నేను పిల్లవాడి సంగతి అడిగాను.

"మంచిగున్నడు. అడుగులు పెడుతుండు. ఏసోబు భుజం ఎక్కిండంటే దిగుతలేడు," అన్నాడు. చేపలు బుట్టలోంచి తీస్తూ మామూలుగా ఇంకో మాట చేర్చాడు. "పండుగ పొద్దున పాట ముంగట గాయిననే ఎత్తుకుంటడట. గాళ్ళు పాడుకుంట రేవు దాకా వస్తరట."

ఆ పూట చేపల కూర ముట్టకుండా పక్కవాడికి ఇచ్చేశాను. ఏసోబుకు పిల్లలు లేరని నాకు తెలుసు. అయినా జాలి కలగలేదు. నా కొడుకు నా మెడ మీద కూర్చోవలసిన రోజు ఒకటే వస్తుంది. అది అతనికి పోతోంది. మా ఇంటి ఆనవాయితీ అని శాంతమ్మే చెప్పి ఉంటుంది. ఆమె మీదా కోపం వచ్చింది. బ్యూగిల్‌ను బూడిదతో తోమాను. తోమిందే మళ్ళీ తోమాను.

మా హవల్దార్ పాలమూరు తురకాయన. మాటలు తక్కువ. మోర్చాలో నా పక్కన కూర్చుని, ఆ ఏడు రంజాన్ పండుగ తాను ఇసుక బస్తాల మధ్య చేసుకున్నానని చెప్పాడు. తర్వాత నా సంగతి అడిగాడు. అంతా చెప్పాను.

"పొద్దుగాల బ్యూగిల్ ఎట్లయినా ఊదాల్సిందే గద," అన్నాడు. "ఎంతసేపు ఊదాల్నో హుకుంల లేదు."

ఊదవచ్చు గానీ, బ్యూగిల్‌లో పలికేవి అయిదారు స్వరాలే. మీటలుండవు. మా పల్లె పాటలో సగం స్వరాలు దానికి అందవు. వెనుక వాగులోకి వెళ్ళి మెల్లగా సాధన చేశాను. అందని చోట దాటేసి, అందిన చోట పట్టుకున్నాను. వంటవాడికి విని విని విసుగొచ్చింది. పాలమూరు వైపు రైతుబిడ్డ మా నాయక్. అతను కిరసనాయిలు డబ్బా బోర్లించి దరువు నేర్చుకున్నాడు. దీపం పెట్టకూడదు కాబట్టి ఇంకో డబ్బాను రైఫిలు సంగీనుతో కోసి రేకు చుక్క చేశాడు. ఎండ తగిలితే మెరుస్తుందన్నాడు. అతని జన్మలో అదే మొదటి క్రిస్మస్. నాకంటే అతనికే ఎక్కువ తొందర.

పండుగ రోజు తెల్లారేసరికి నది మీద మంచు. నీళ్ళు కనపడవు. అవతలి ఒడ్డు లేదన్నట్టే ఉంది. రోజూ ఊదేది ఊదాను. ఆపకుండా మా పాట ఎత్తుకున్నాను. నాయక్ డబ్బా మీద దరువు అందుకున్నాడు.

మంచు కొంచెం విడింది. అవతలి ఠాణా బస్తాల మీద రైఫిళ్ళు కదిలాయి. నాలుగైదు గొట్టాలు మా వైపు తిరిగాయి. నా ఊపిరి తడబడింది.

"ఆపకు," అన్నాడు హవల్దార్ నా వెనుక నుంచి. "ఆపితెనే గాళ్ళకు అనుమానం."

కళ్ళు మూసుకుని ఊదాను. పాట చివరికి వచ్చాక, మొదటి నుంచి మళ్ళీ ఎత్తుకున్నాను. అప్పుడు నీళ్ళ మీద నుంచి క్లారినెట్ వినిపించింది. అదే పాట. శాంతమ్మ పిల్లవాడికి పాడుతుంటే విని ఏసోబు నేర్చుకున్నాడని తర్వాత తెలిసింది. నేను దాటేసిన ప్రతి చోటా ఆ స్వరం పెట్టుకుంటూ వచ్చాడు. నేను గతుకుల్లో నడుస్తుంటే పక్కన అతను నున్నటి బాటలో నడుస్తున్నట్టు ఉంది. పాట నిండింది. అవతల రైఫిళ్ళు ఒక్కొక్కటే దిగాయి. నా పాట కూడా అతనే పూర్తి చేశాడు.

హవల్దార్ దుర్బిన్ నా కళ్ళకు పెట్టాడు. జనం రేవు దాకా వచ్చారు. ముందు ఏసోబు. అతని మెడ మీద నా కొడుకు. పిడికిళ్ళతో అతని జుట్టు పట్టుకుని, దరువుకు తగ్గట్టు మడమలతో అతని రొమ్ము మీద కొడుతున్నాడు. శాంతమ్మ పక్కన నిలబడి మా వైపు చూస్తోంది. పిల్లవాడు మాత్రం కిందికి వంగి, క్లారినెట్ మీద కదిలే వేళ్ళను చూస్తున్నాడు.

దుర్బిన్ ఇచ్చేసి, బ్యూగిల్ ఎత్తి, ఉన్న ఊపిరంతా పెట్టి పై స్వరం ఒకటి ఊదాను. పెదవి చిట్లింది.

"చూసిండు," అన్నాడు హవల్దార్, దుర్బిన్ దించకుండానే. "ఇటు మళ్ళి చూసిండు."

"ఇంకా చూస్తుండా?"

అతను దుర్బిన్ దించాడు. "లేదు. పాట దిక్కు మళ్ళిండు."

వంటవాడు జొన్నరొట్టె, బెల్లం కలిపి మలీద చేశాడు. అందరూ ఇష్టంగా తిన్నారు. బస్తాల మీద కట్టిన రేకు చుక్క మధ్యాహ్నం దాకా మెరుస్తూనే ఉంది. వచ్చే ఏడు ఎక్కడున్నా ఇట్లాగే చేయాలని నాయక్ అన్నాడు. అందరూ సరేనన్నారు. నేనూ తలూపాను. నా మలీద ముద్దలో రక్తం రుచే తెలిసింది.

మరుసటి వానాకాలం చివర్లో యూనియన్ సైన్యం వచ్చింది. మా సైన్యం లొంగిపోయింది. రైఫిలు, పట్టీ, బ్యూగిల్ అప్పగించాను. హవల్దార్ నా భుజం తట్టి తన దారిన వెళ్ళాడు. మళ్ళీ కనపడలేదు. నేను నడిచి ఇల్లు చేరి, కప్పు బాగుచేసి కబురు పెట్టాను. వాళ్ళు వచ్చే రోజున రేవుకు వెళ్ళాను.

పుట్టిలో ఏసోబే తీసుకొచ్చాడు. శాంతమ్మ దిగింది. దావీదు అతని చంక దిగనంటే దిగనన్నాడు. నేను చేతులు చాపితే మొహం తిప్పుకున్నాడు. ఏసోబు వాడి వేళ్ళను ఒక్కొక్కటిగా తన చొక్కా నుంచి విడిపించి నాకు అందించాడు.

"పడుకునేటప్పుడు ఏడుస్తాడు తమ్ముడూ," అన్నాడు. "వీపు మీద మెల్లగా దరువు వెయ్యి. ఊరుకుంటాడు."

సరే అన్నాను. అన్నా అని పిలవాలని ఉన్నా నోరు రాలేదు. ఉండి భోంచేసి వెళ్ళమని శాంతమ్మ బతిమాలింది. అతను వినలేదు.

పుట్టి గుండ్రటిది, నీళ్ళ మీద తిరుగుతూ పోతుంది. దావీదు రెండు చేతులూ చాపి అటే ఏడుస్తున్నాడు. పడవవాడు తెడ్డు వేస్తున్నాడు. ఏసోబు కదలకుండా కూర్చున్నాడు. పుట్టి తిరిగినప్పుడు అతని మొహం మా వైపు వచ్చేది. ఇంకొంచెం తిరిగితే వీపు కనిపించేది. మళ్ళీ మొహం. అది ప్రతిసారీ చిన్నదవుతూ వచ్చింది. తల తిప్పి మమ్మల్ని చూడాలని గానీ, చూడకూడదని గానీ అతను ప్రయత్నించలేదు. పుట్టి ఎటు తిప్పితే అటు, చేతులు ఒళ్ళో పెట్టుకుని, అవతలి ఒడ్డు దాకా అట్లాగే పోయాడు.