కల్వర్టు దగ్గర ఆరని తడి

సైకిల్ బాట మొదట్లో ఒక నల్లబోర్డు ఉంటుంది. ఎక్కడ ఇసుక పేరుకుంది, ఎక్కడ కొమ్మ విరిగిపడింది, ఎక్కడ చూసుకుని తొక్కాలి అన్నది ప్రతి ఉదయమూ దానిమీద సుద్దముక్కతో రాసేది బాట చూసుకునే ఆయనే. వానలు మొదలైన దగ్గర్నుంచీ "కల్వర్టు దగ్గర తడి" అని రాయని రోజు లేదు. దాంతో సైకిళ్ళవాళ్ళు ఆయనకి తడి బాబాయి అని పేరు పెట్టేశారు. ఆయనకీ అలవాటైపోయి, అలా పిలిస్తేనే పలుకుతున్నాడు.

ఒకప్పుడు సైకిళ్ళు బాగుచేసే కొట్టు నడిపినవాడు. ఇప్పుడు సైకిళ్ళ కింది నేలను బాగుచేస్తున్నాడు. పార పట్టే ముందు ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, ఈ దారిన పోయే వాళ్ళందరినీ చల్లగా చూడమని దేవుణ్ణి వేడుకుంటాడు. ఆ తర్వాత తన వంతు తను చేస్తాడు. ఆకులు ఊడుస్తాడు, ముళ్ళకొమ్మలు నరుకుతాడు, గాజుపెంకు కనబడితే ఏరి గుడ్డసంచీలో వేసుకుంటాడు.

కానీ ఆ కల్వర్టు దగ్గరి తడి మాత్రం ఆయనకి కొరుకుడు పడలేదు. వాన బాటంతా ఒకేలా కురుస్తుంది. మిగతా చోట్ల మధ్యాహ్నానికల్లా ఆరిపోతుంది. అక్కడ మాత్రం చక్రం దిగబడేంత బురద. మొరం పోసి దిమ్మిసతో కొట్టాడు. పక్కన కాలవ తీశాడు. రెండు రోజులు బాగానే ఉన్నట్టుండి మళ్ళీ మొదటికొచ్చింది. పేపర్లు వేసే ఆవిడ అక్కడే జారిపడి మోచెయ్యి గీరుకుంది.

ఆ సంగతి చెవిన పడి, ఆఫీసు నుంచి ఇంజనీరమ్మ వచ్చింది. మంచి పిల్ల. బురదలో బూటు నొక్కి చూసి నిట్టూర్చింది.

"బాబాయిగారూ, ఇంకొకళ్ళు పడేదాకా ఆగలేను. నెలాఖరుకి ఇది గట్టిపడకపోతే వానాకాలం అంతా ఇక్కడ గేటు వేసేస్తాం. ఏమనుకోకండి."

"మీరన్నదాంట్లో తప్పేముందమ్మా," అన్నాడు గానీ, ఆయన మనసు కోడలి మీదికి పోయింది.

ఆయన కోడలు ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే విభాగంలో పనిచేస్తుంది. రోజూ పాపని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని ఈ బాట మీదే వెళ్ళి, ఆసుపత్రి పక్కనున్న పిల్లల బడిలో దింపుతుంది. ఇది కాకపోతే లారీల రోడ్డే గతి. ఒకసారి ఆ రోడ్డున వెళ్తే లారీ గాలికే సైకిల్ గట్టు దిగిపోయింది. ఆ సాయంత్రమే ఆమె తేల్చి చెప్పింది, "మామయ్యా, ఆ బాట ఉన్నన్నాళ్ళే నా ఉద్యోగం. పాపని వేసుకుని ఆ లారీల మధ్య మళ్ళీ వెళ్ళను."

ఇంజనీరమ్మ వచ్చి వెళ్ళిన దగ్గర్నుంచి ఆయనకి ఒకటే ధ్యాస, ఈ నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి? నేలమీద బోర్లా పడుకుని, చెంప ఆనించి వాలు చూడసాగాడు. వెళ్ళేవాళ్ళు ఊరుకుంటారా?

"ఏం బాబాయ్, నేలతల్లి ఏదో రహస్యం చెప్తున్నట్టుందే?"

"చెప్తూనే ఉందిరా. నాకే చెవుడు."

ఒక పొద్దున సన్నగా తుంపర పడుతుంటే, వడ్రంగి దగ్గర సంచీడు రంపపు పొట్టు అడిగి తెచ్చాడు. నీళ్ళు నోరు విప్పవు గనుక వాటితో పాటు పోయేదాన్ని చూద్దామని ఆయన ఆలోచన. కల్వర్టుకి ఎగువన, ఏటవాలు మీద గుప్పెడు చల్లి, దాని వెంటే వంగి నడిచాడు.

ఆ ఏటవాలు మధ్యలో ఒక అడ్డపల్లం ఉండాలి. అంటే బాటకి అడ్డంగా తీసిన లోతులేని పల్లం. పైనుంచి వచ్చే నీళ్ళు దాంట్లోకి దిగి పక్క పొదల్లోకి పోతాయి. ఇప్పుడు పొట్టు అక్కడ పక్కకి తిరగలేదు. తిన్నగా పల్లం మీదుగా సాగి కల్వర్టు వైపు పోయింది. బాబాయి గొంతుక్కూర్చుని చేత్తో తడిమాడు. పల్లం లేదు. పైకి చిన్న చిన్న రాళ్ళు ఎంచి, కుట్టుపనిలా ఒద్దికగా పేర్చి ఉన్నాయి. కొన్నాళ్ళుగా ఇక్కడ సైకిల్ మెత్తగా పోతోందని తను మురిసిపోయిన సంగతి గుర్తొచ్చి తల గోక్కున్నాడు.

అంతలో వెనక అడుగుల చప్పుడు. బాట పక్కింట్లో ఉండే ముసలి దర్జీ గొడుగేసుకుని వస్తున్నాడు. రెండో చేతిలో చిన్న డబ్బా, డబ్బా నిండా కంకర.

"పెద్దయ్యా, ఇది నీ పనేనా?"

"మరెవరిదనుకున్నావు? నువ్వెప్పుడూ ఆకులూ ముళ్ళకొమ్మలూ అంటూ ఉంటావాయె, ఈ గుంత నీ కంటపడలేదు. వానలకి ముందు నుంచే, వాకింగుకి వచ్చినప్పుడల్లా ఒక డబ్బా పోస్తున్నా."

"ఎందుకు పోశావయ్యా?"

"మీ కోడలి వెనక కూర్చునే బుడ్డది లేదూ? ఓ రోజు ఈ గుంతలో సైకిల్ ఎగిరి ఒకటే ఏడుపు. నా ప్రాణం ఉసూరుమంది."

తన ఇంటి పిల్ల కోసం చేసిన మేలే తన ఇంటి పిల్ల దారి మూయించబోతోంది. కోప్పడదామంటే కోపం రాలేదు. మెల్లిగా ముసలాయన్ని పక్కన కూర్చోబెట్టి, మళ్ళీ గుప్పెడు పొట్టు చల్లి చూపించాడు. దర్జీ కళ్ళద్దాలు తుడుచుకుని చివరిదాకా చూశాడు.

"అయ్యో. నీళ్ళ జేబు కుట్టేశానన్నమాట."

"కుట్టు మాత్రం బాగుంది పెద్దయ్యా. ఒక్క రాయీ కదల్లేదు."

ఆ రాత్రి భోజనాల దగ్గర ఈ సంగతి చెబితే కోడలు ముక్కున వేలేసుకుంది. పాప మాత్రం తల అడ్డంగా ఊపింది. "గుంతకి ఏడవలేదు తాతా. నోట్లో బిళ్ళ కింద పడిపోయింది. గుంత బావుంటుంది."

మర్నాడు ఇద్దరూ కలిసి రాళ్ళు తీశారు. దర్జీ పార పట్టలేడు గనుక రాళ్ళు ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టాడు. ఈసారి బాబాయి పల్లాన్ని వెడల్పుగా, అంచులు జారుగా తీశాడు. నీళ్ళు పక్కకి తిరగాలి, సైకిల్ మాత్రం ఊయలలా దిగి ఎక్కాలి. తర్వాత బురద ఎత్తిపోసి కొత్త మొరం పరిచాడు. రెండు పెద్ద వానలు పడ్డాయి. రెండుసార్లూ నీళ్ళు బుద్ధిగా పొదల్లోకి పోయాయి.

నెలాఖరుకి ఇంజనీరమ్మ వచ్చింది. ఈసారి బూటుతో నొక్కి ఊరుకోలేదు. బాబాయి సైకిల్ అడిగి తీసుకుని, ఏటవాలు పైనుంచి కల్వర్టు దాటేదాకా తొక్కి వెనక్కొచ్చింది. జరిగిందంతా విని నవ్వు ఆపుకోలేకపోయింది.

"గేటు అక్కర్లేదు బాబాయిగారూ. అడ్డపల్లం దగ్గర మాత్రం ఇది ఎందుకుందో రాసి ఓ పలక పెట్టిద్దాం. ఇంకెవరో మంచివాళ్ళు పూడ్చకుండా."

వాళ్ళు మాట్లాడుకుంటుండగానే కోడలు పాపతో వచ్చింది. అప్పటికే అక్కడికి చేరిన దర్జీ పల్లం వైపే చూస్తున్నాడు. సైకిల్ మెత్తగా దిగి, మెత్తగా ఎక్కింది. కాస్త దూరం పోయాక ఆగింది. పాప తల్లి వీపు మీద తట్టి ఏదో గొణుగుతోంది.

"ఏమైందమ్మా?" కంగారుగా అడిగాడు దర్జీ.

"ఏం లేదు తాతా. ఎగరలేదట, బాలేదట," అంది కోడలు. టైము చూసుకుంది. పెదవి కొరుక్కుంది. ఆ తర్వాత సైకిల్ వెనక్కి తిప్పింది, ఈసారి కాస్త జోరుగా తొక్కడానికి.