నిమ్మకాయ ఎప్పుడు పండవుతుంది?

చదువుల చెట్టు మీంచి పిందెగా ఉన్నప్పుడే రాలిపోయినవాణ్ని నేను. అయినా ఫలక్‌నుమాలో మా గల్లీ చిన్నపిల్లల బడికి గుమ్మం ముందు నిలిపే నా బండి మీది పండ్లే పాఠాలు. పంతులమ్మ ప్రతి పండునూ బొటనవేలితో మెల్లగా నొక్కి, "పువ్వు, పిందె, కాయ, పండు" అనేది. పిల్లల బుగ్గలూ అలాగే నొక్కి, "ఇంకా పిందెవే" అని నవ్వేది.

ఒకరోజు పాలు అమ్ముకునే ఇళ్ల పిల్లల తల్లులు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. పిల్లలకు చదువేమీ అబ్బలేదనిపిస్తే అప్పుడే బడి మాన్పించి ఇంటికి తీసుకుపోవాలని వాళ్ల పట్టు. పంతులమ్మ పచ్చి జామను చూపింది. "కాయ!" అని అరిచారు పిల్లలు. మగ్గినదాన్ని చూపింది. "పండు!" తల్లుల ముఖాలు విప్పారాయి.

అంతలో ఒక చిన్నది నా బండి మీంచి పసుపురంగు నిమ్మకాయ తెచ్చింది. "పంతులమ్మా, ఇది పండింది గదా! మా అమ్మ నిమ్మకాయనే అంటదేంది?"

పంతులమ్మ బొటనవేలు దాని మీదే ఆగిపోయింది. తల్లుల వైపు చూసింది, నా వైపు చూసింది.

"నాకు గూడ తెల్వది బిడ్డా."

"అవునే, గట్లెందుకంటం మనం?" అని ఒక తల్లి. "మా అత్తనే గట్ల నేర్పింది" అని ఇంకొకతె. ఆ లొల్లిలో పిల్లలను తీసుకుపోవడం మరిచి, వాళ్లలో వాళ్లే వాదించుకుంటూ ఇళ్లకు పోయారు.

మర్నాడు నేను బుగ్గ ముందుకు పెట్టి, "పంతులమ్మా, నేనెప్పుడు పండుత?" అన్నాను. ఆమె జవాబు తిట్టో దీవెనో నాకిప్పటికీ తేలలేదు.

"నువ్వు నిమ్మకాయవురా. ఎంత పండినా నిన్ను కాయనే అంటరు."