మూసేసిన రిపోర్టు

హుజూరాబాద్‌లో ఎక్కిన హనుమకొండ బస్సులో, నా ఒళ్లో లాప్‌టాప్ చూసి పక్కసీటాయన మాట కలిపాడు. వాళ్ల ఊరి దవాఖానలో కంప్యూటర్లు చూస్తాడట.

"రోజూ పదకొండింటికి నెట్ లైన్ పోతాందన్నా. వీడియోల డాక్టరమ్మ మాట్లాడుతాంటెనే బొమ్మ ఆగుతది. ముసలోళ్లు ఏ మందు ఎప్పుడేసుకోవాల్నో తెల్వకనే ఇంటికి పోతాండ్రు."

అక్కడ నెట్ అందించే రౌటర్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్ పేరు చెప్పాడు. అది ఓపెన్ సోర్స్, అంటే ఎవరైనా ఉచితంగా వాడుకుని బాగుచేయగలిగేది. దాన్ని తీరిక వేళల్లో బాగుచేసే నలుగురిలో నేనొకణ్ణి. నేను కోడ్ రాసేదానికన్నా, వాడేవాళ్లు పంపే తప్పుల రిపోర్టులు మూసేదే ఎక్కువ.

"ఆ సాఫ్ట్‌వేర్ వాళ్లకు రాయలేదా?" అనడిగాను.

"నాకొచ్చిన ఇంగ్లీషుల రెండు లైన్లు రాసిన. వివరాలు చాలవని మూసేసిండ్రు."

సంచిలోంచి నోటుబుక్కు తీశాడు. లైన్ ఎప్పుడు పోయిందో, అప్పటికి రౌటర్‌కు ఎన్ని ఫోన్లు కలిసి ఉన్నాయో మూడు నెలలుగా తెలుగులో రాసిపెట్టాడు. మేం అడిగే వివరాలన్నీ అందులో ఉన్నాయి. నేనెవరో చెప్పలేదు. ఆ సాఫ్ట్‌వేర్ వాళ్లకు పంపిస్తానని పేజీలు ఫోటో తీసుకున్నాను.

ఆయన హసన్‌పర్తిలో దిగాక ఆ రిపోర్టు వెతికాను. మూసినవారి పేరు నాదే. మళ్లీ తెరిచి, ఆ పేజీలు ఇంగ్లీషులో ఎక్కించడం మొదలుపెట్టాను.

సాఫ్ట్‌వేర్‌లో తప్పు పట్టుకుని సరిచేయడానికి రెండు వారాలు పట్టింది. సరిచేసింది వేసుకుని ఎలా ఉందో తెలుగులోనే రాయమని ఆ రిపోర్టు కింద అడిగాను.

"మంచిగ నడుస్తాంది. మీరు దేవుడు సార్" అని రాశాడు.

ఆ రోజు బస్సులో పక్కన కూర్చున్న నేనే ఆ సార్‌నని ఇప్పటికీ చెప్పలేదు.