మా ఇంట్లో ముగ్గురికీ ఒకే పేరు

బట్టీ పట్టడంలో నన్ను మించినవాళ్లు లేరని, విజయవాడలో ఇంటర్ చదివిన రెండేళ్లూ నాకు మహా గర్వం. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఆ గర్వంతో అక్కడే ఇంజనీరింగ్‌లో చేరాను. డేటాబేస్ క్లాసులో మేడమ్ ప్రైమరీ కీ అంటే ఏమిటని అడిగితే, పట్టికలో ఏ రెండింటికీ ఒకటి కాకుండా, ఒక్కోదాన్నీ విడిగా గుర్తుపట్టించేదని పుస్తకంలో ఉన్నదంతా ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పాను.

"బాగుంది. ఇప్పుడు మీ ఇంట్లోంచి ఒక ఉదాహరణ చెప్పమ్మా" అన్నారామె.

నేను మళ్లీ పుస్తకంలో వాక్యమే అందుకున్నాను.

"ల్యాబ్ పరీక్షకి బయటి నుంచి వచ్చే ఎగ్జామినరు గారు కూడా ఇదే అడుగుతారు. ఇట్టాగే అప్పజెప్పావంటే వచ్చే ఏడు జూనియర్లతో కలిసి మళ్లీ రాయాలి" అన్నారు. తిట్టినా బాగుండేది. అంత మామూలుగా చెప్పేసరికి నాకు ఒళ్లు మండిపోయింది.

ఉదాహరణే కదా కావాలి, చూపిస్తాను అనుకుని, ఆ వారం ల్యాబ్‌లో మా ఇంటివాళ్లందరి వివరాలతో ఒక టేబుల్ తయారుచేయడం మొదలుపెట్టాను. మనిషిని గుర్తుపట్టేది పేరుతోనే కదా, దాన్నే ప్రైమరీ కీ చేశాను. మా అన్నయ్య వివరాలు ఎక్కాయి. పెదనాన్న గారి అబ్బాయి దగ్గరికి వచ్చేసరికి కంప్యూటరు మొరాయించింది. ఈ పేరు ఇదివరకే ఉంది, తీసుకోనంది. మళ్లీ కొట్టాను, మళ్లీ అదే మాట. బాబాయి కొడుకునీ రానివ్వలేదు. అప్పుడు వెలిగింది నాకు. పోయిన తాత పేరే ముగ్గురికీ పెట్టుకున్నారు మావాళ్లు. ఇంటిపేరూ ఒకటే.

"మీవాళ్లని చూసి కంప్యూటరు కూడా దడుచుకుందే" అంది పక్కన కూర్చున్న అమ్మాయి. నేనూ పగలబడి నవ్వాను. నవ్వుతూ నవ్వుతూనే ఒళ్లు ఝల్లుమంది. ఇన్నాళ్లూ చిలకలా పలికిన ఆ వాక్యం చెబుతున్నది ఇదన్నమాట!

శనివారం ఇంటికి వెళ్లడానికి పటమటలో పామర్రు బస్సెక్కాను. ఉయ్యూరు దాకా నిలబడే ఉన్నా కాళ్ల నొప్పి తెలియలేదు. కనబడిన ప్రతిదానికీ కీ వెతుక్కుంటూ కూర్చున్నవాళ్ల నెత్తి మీద నుంచి కిటికీల్లోకి తొంగిచూస్తూ పోయాను. ఎదురొచ్చే లారీకి నంబరు ప్లేటుంది, ఇంటికి డోరు నంబరుంది. ఈ ముందు సీట్లో నిద్రపోతున్నాయనకి ఏముంది? ఆయన కళ్లు తెరిచి నన్ను చూసి, పర్సు తడుముకున్నాడు.

ఇంటికి వెళ్లేసరికి మా నాయనమ్మ మనవళ్లను అన్నాలకు కేకేస్తోంది. ఒకడు పొడుగోడు, ఒకడు బొద్దోడు, ఒకడు ఉంగరాలజుట్టోడు.

"ముగ్గురికీ అంత మంచి పేరు పెట్టుకుని, ఇట్టా పిలుస్తావేంటి నాయనమ్మా?" అన్నాను.

"మీ తాత పేరు నా నోటెంట ఎట్టా వస్తదే?" అంది.

మొగుడి పేరు పలకకూడదని ఆవిడ ముగ్గురికీ చిన్నప్పుడే వేరే పేర్లు పెట్టుకుంది. నాకు కావలసిందీ అదే. ఆవిడ రెండు చేతులూ పట్టుకుని గిర్రున తిప్పేశాను. "దీనికి చదువు ఎక్కువై తల తిరుగుతోంది" అంది మా అమ్మతో. తల తిరిగింది ఆవిడకే.

సోమవారం ఆ ముద్దుపేర్లను కీ చేశాను. ముగ్గురూ బుద్ధిగా లోపలికి వచ్చి కూర్చున్నారు.

పరీక్ష రోజు రానే వచ్చింది. ఎగ్జామినరు గారు తలెత్తకుండానే ప్రైమరీ కీ అంటే ఏమిటన్నారు. పుస్తకంలో వాక్యం నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, మా నాయనమ్మ సంగతి చెప్పాను. ఆయన నవ్వి కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

"బాగానే ఉందమ్మా. మరి ఆ బొద్దోడు రేపు సన్నబడితే?"

రేపటిదాకా ఎందుకు, వాడు అప్పటికే సన్నబడ్డాడు, పైగా ఎత్తులో పొడుగోణ్ణి దాటేశాడు. మేడమ్ నన్నే చూస్తున్నారు. ఇక జూనియర్ల పక్కన కూర్చోవడమే అనుకున్నాను. ఒడ్డూ పొడుగూ మారతాయి, ఉంగరాలు రాలిపోతాయి. మనిషి గురించి ఏం చెప్పినా అది మనిషితోపాటే మారిపోతుంది. అలాంటప్పుడు ఏమీ చెప్పనిది కావాలి.

"ముగ్గురికీ తలా ఒక నంబరు ఇస్తానండీ" అన్నాను. "అర్థం పర్థం లేని నంబరు."

"అర్థం లేనిదాన్ని పెట్టుకుని ఏం చేసుకుంటావమ్మా?"

"అర్థం లేదు కాబట్టే మారదండీ."

ఆయన మేడమ్ వంక చూశారు. ఆమె పెదవులు బిగించి నవ్వు ఆపుకుంటున్నారు. నాకు పట్టలేనంత సంతోషం. ఆ మాట నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.