తవిటయ్య సుద్దముక్క

ఏ వ్యాపారస్తుడైనా సరుకులో లోపాన్ని రంగు కింద దాస్తాడు. జంషెడ్‌పూర్ కాసిడీహ్ బజారు చివర రేకుల కొట్టు పెట్టుకున్న సైకిళ్ళ తవిటయ్య మాత్రం సుద్దముక్క తీసి ఆ లోపం మీద గీత గీసేవాడు.

పాత సైకిళ్ళు కొని, విప్పి, పనికొచ్చే సామాను ఏరి, దానికి కొంత కొత్త సామాను కలిపి చవగ్గా బండి కట్టడం అతని పని. పెద్ద షాపులో కొత్త బండి కొనే స్తోమత లేని రైల్వే ఖలాసీలూ, ఠేకేదారు కింద కాంట్రాక్టు పనిచేసే కూలీలూ అతని దగ్గరికే వచ్చేవారు. బండి చేతికిచ్చే ముందు పాత సామాను ఎక్కడుంటే అక్కడ సుద్దగీత పడేది.

"గీతున్నది పాతది. లేనిది కొత్తది. ఇంటికెల్లి తుడుసుకో. తుడిసేక నన్నడక్కు."

అంతే. రసీదు లేదు, గ్యారంటీ లేదు. మందస నుంచి జంషెడ్‌పూర్ వచ్చిన ముప్ఫై ఏళ్ళలో గీత విషయంలో తేడా వచ్చిందని ఒక్కడూ తిరిగి రాలేదు.

అతని దగ్గరికి ఎక్కువ మందిని పంపింది సన్యాసిరావు. టాటానగర్ స్టేషన్లో రైలు ఆగగానే సుత్తితో ఒక్కో చక్రాన్నీ తట్టి, మోతని బట్టి పగులుందో లేదో చెప్పడం అతని ఉద్యోగం. ఆ చెవి అంటే రైల్వేలో అందరికీ గురి. తవిటయ్య దగ్గర మూడు బండ్లు కొన్నాడు, ఒక్కదాన్నీ తట్టి చూడలేదు. తను తెచ్చిన కొత్తవాడెవడైనా వంగి చైను లాగి చూస్తే ఎగతాళి చేసేవాడు.

"ఒరే, పెల్లిసూపుల్లో నీ పెల్లాన్ని కూడా ఇంతలా సూసుండవు. కలకత్తా మెయిలు చక్రాన్ని నాను నమ్మను. అన్న గీత గీసేక ఇంక సూసీదేటి?"

తవిటయ్య తలెత్తేవాడు కాదు, స్పానరు తిప్పుకుంటూనే ఉండేవాడు. కానీ ఆ మాట విన్న రోజు అన్నం రెండు ముద్దలు ఎక్కువ తినేవాడని అతని భార్య అసిరమ్మ అనేది.

ఎనభై రెండులో, పనిముట్లకి పూజ చేసే విశ్వకర్మ పూజ దగ్గరికొచ్చింది. అసిరమ్మ తమ్ముడు బంగారురాజు కొట్టుకొచ్చి కూర్చున్నాడు.

"బావా, నువ్విలా గీతలు గీసుకుంటా కూకో. సాక్చీలో అద్దాల షాపోడు నీ గిరాకీ ఊడ్సుకుపోతన్నాడు. కరపత్రం ఎయ్యాల."

"అందులో ఏటి రాత్తావు?"

"అది నాకొగ్గీ."

ఒగ్గీశాడు.

బంగారురాజుకి నోరు పెద్దది, ఒళ్ళు బద్ధకం. ప్రెస్సులో ఎక్కడిదో పెద్ద సైకిలు షాపు హిందీ కరపత్రం తాలూకు అచ్చు విప్పకుండా అలాగే ఉంది. పైన పేరు, కింద చిరునామా మారిస్తే గంటలో పనైపోతుందన్నాడు ప్రెస్సువాడు. సరే అన్నాడు బంగారురాజు. మధ్యలో ఏముందో చదవలేదు. టీ తాగడానికి వెళ్ళాడు.

తవిటయ్యకి హిందీ నోటినిండా వచ్చు. బేరాలు, తిట్లు, ఛలోక్తులు అన్నీ అందులోనే. అక్షరం మాత్రం ఒక్కటీ రాదు. మందస వైపు నుంచి వచ్చి ఇక్కడ ముసలివాళ్ళయిన తెలుగువాళ్ళు చాలామంది అంతే, చెవితో నేర్చిన భాషని కంటితో పోల్చుకోలేరు. కరపత్రం రెండు చేతులా పట్టుకుని, "ఇందులో నా పేరేదిరా?" అని అడిగాడు. బంగారురాజు వేలు పెట్టి చూపించాడు. తవిటయ్య ఆ నల్లటి అక్షరాల్ని బొటనవేలితో మెల్లగా నిమిరాడు. ముద్దొచ్చింది. కిందున్న మిగతా పది వరసల్లో ఏముందని అడగలేదు. అడిగుంటే అని ఆ తర్వాత ఎన్నిసార్లు అనుకున్నాడో.

పూజనాడు సాక్చీలో, సీతారామ్‌డేరాలో, మాంగో వంతెన దగ్గరా కరపత్రాలు పంచారు.

మూడోనాడు సన్యాసిరావు తన కూతురు కాంతాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. కాంతానికి మాంగోలో బడిపంతులమ్మ పని దొరికింది. ఆ పిల్ల కోసం తవిటయ్య పదిహేను రోజులు కష్టపడి నీలం బండి కట్టాడు. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు, వెనక చక్రం మధ్యనుండే హబ్బు తప్ప అన్నీ కొత్తవే. ఆ రెండింటి మీదా సుద్దగీతలు మెరుస్తున్నాయి.

కాంతం గీతలు చూసింది. సంచిలోంచి కరపత్రం తీసింది.

"పెదనాన్నా, యే క్యా హై? ఇస్‌మే తో లిఖా హై, హర్ పుర్జా నయా. పాంచ్ సాల్ కీ గ్యారంటీ."

తవిటయ్యకి ప్రతి ముక్కా అర్థమైంది. అయినా సన్యాసిరావు వైపు చూశాడు, ఇంకేదైనా అర్థం చెబుతాడేమోనని.

"ప్రతి సామానూ కొత్తదేనట. అయిదేళ్ళు గ్యారంటీ అట. పాత సామాను మా కొట్టుకి రానివ్వం అని కూడా ఉన్నాదన్నా," అన్నాడు సన్యాసిరావు నెమ్మదిగా.

"నాను రాయించలేదురా. ఆ బంగారురాజుగాడు..."

"పేరు నీదే కదా."

తవిటయ్య చేతిలో గుడ్డని పిండుతూ నిలబడ్డాడు.

"ఒక్క మాట సెప్పన్నా. కాగితం అబద్ధమా, గీత అబద్ధమా?"

"కాగితం! కాగితమేరా!"

"మరి ఊరంతా పంచీసేవు."

సన్యాసిరావు కేకలేయలేదు. తిట్టినా బాగుండేది. బండి తర్వాత తీసుకెళ్తానని కూతుర్ని తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం బంగారురాజు నవ్వేశాడు. "కరపత్రం ఎవడు సదూతాడు బావా? పకోడీలు కట్టుకుంటారు."

"నా పేరులో పకోడీలు కట్టించేవురా," అన్నాడు తవిటయ్య.

మర్నాడే మాంగో నుంచి ఒకడు విరిగిన ఫోర్కుతో, కరపత్రంతో దిగాడు. మూడేళ్ళ కిందట కొన్న బండి. అప్పట్లో ఆ ఫోర్కు మీద గీత గీసి మరీ ఇచ్చాడు తవిటయ్య, అతనికి గుర్తుంది. అయినా కొత్తది తీసి బిగించాడు.

"నీకేటి పిచ్చా?" అంది అసిరమ్మ.

"పేరు నాదే. పేరు కింద ఏటుంటే అది నా మాటే."

వారంలో తొమ్మిది మంది వచ్చారు. అందరికీ మార్చాడు. ఇలాగైనా పోయిన నమ్మకం తిరిగొస్తుందనుకున్నాడు. ఒకరోజు టీ కొట్టు వెనక బెంచీ మీద కూర్చుని ఉంటే అవతల మాటలు వినబడ్డాయి.

"తప్పు నేకపోతే ఊరికే ఎందుకు మారుత్తాడ్రా? రెండు గీతలు సూపించి ఇన్నాల్లూ ఎన్ని దాసేడో!"

ఆ గొంతు భీమారావుది. పదేళ్ళుగా తవిటయ్య కట్టిన బండి మీదే డ్యూటీకి వెళ్తున్నవాడు. తవిటయ్య టీ సగంలో వదిలేసి కొట్టుకొచ్చాడు. అసిరమ్మ అడిగితే చక్కెర ఎక్కువైందన్నాడు.

బండి వదిలి వెళ్ళిన పదో రోజున సన్యాసిరావు వచ్చాడు. ఒక్కడే, డ్యూటీ బట్టల్లో. తవిటయ్యకి ప్రాణం లేచొచ్చింది. స్టూలు తుడిచాడు.

"కూకో తమ్ముడూ. టీ సెప్తాను."

"టైమైపోతాది అన్నా. బండి తీసుకెల్దారని."

తవిటయ్య నీలం బండిని బయటికి నడిపించుకొచ్చాడు. సుద్దగీతలు చెరిగిపోకుండా పదిరోజులూ దానికి గుడ్డ కప్పి ఉంచాడు. సన్యాసిరావు ఆ గీతల వైపు చూడలేదు. బండిని తలకిందులుగా నిలబెట్టాడు. భుజాన ఉన్న సంచిలోంచి రైల్వే సుత్తి తీశాడు. గొంతుక్కూర్చుని, తల ఓ పక్కకి వంచి, తట్టాడు.

గీత ఉన్న ఫోర్కుని కాదు. గీత లేని ఫ్రేముని. ఆ తర్వాత గీత లేని రిమ్ముని. ఒక్కో అంగుళం జరుగుతూ, రైలు చక్రాన్ని విన్నట్టే విన్నాడు. ప్రతి దెబ్బకీ ఇనుము ఖణేల్‌మని పలికింది. తవిటయ్య తలుపు రెక్క పట్టుకుని అన్ని దెబ్బలూ అయ్యేదాకా నిలబడ్డాడు.

"బాగుందన్నా. పగులెక్కడా లేదు," అన్నాడు సన్యాసిరావు లేస్తూ. తవిటయ్య మొహం చూడకుండానే బండి తిరగేసి ఎక్కాడు.

ఆ తర్వాత కూడా తవిటయ్య చాలా ఏళ్ళు బండ్లు కట్టాడు. అంతే శ్రద్ధగా కట్టాడు. గీతలు మాత్రం గీయలేదు. ఏది కొత్తది, ఏది పాతదని అడిగినవాడికి స్పానరు అందించి, "నువ్వే ఇప్పి సూసుకో నాయినా," అనేవాడు.